సత్యం లెక్కలు ఎవరి కోసం రాశారు?

బ్యాంకులో 5,361 కోట్లు ఉన్నాయని పుస్తకంలో రాసుకున్నారు. అందులో 5,040 కోట్లు లేవు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్టు రాశారు. కట్టాల్సిన 1,230 కోట్ల అప్పు అసలు లేనట్టే దాచారు. రావలసిన బాకీలను 490 కోట్లు పెంచి చూపారు. 2008 జులై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలల్లో వ్యాపారం మీద మిగిలింది 61 కోట్లయితే 649 కోట్లని ప్రకటించారు. అంటే నూటికి మూడు రూపాయలు మిగిలినచోట ఇరవై నాలుగు మిగిలాయన్నారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన బోర్డుకూ సెబీకీ రాసిన లేఖలో ఒప్పుకున్న లెక్కలివి.

ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఈ కథను మనకు ఒకే తీరుగా చెబుతున్నారు. ఒక మనిషికి ఆశ పుట్టింది, తప్పు చేశాడు, తప్పు పెరిగింది, పులి మీద సవారీ అయింది, దిగలేకపోయాడు. ఇంతే కథ! ఎంబీఏ పిల్లలకు పాఠం కూడా ఇదే చెబుతారు. ఆడిటర్లు సరిగ్గా చూడలేదని ఇంకో మాట కలుపుతారు. అబద్ధం కాదు. కానీ ఏళ్ల తరబడి ఇన్ని వేల కోట్లు గాలిలో నిలబడాలంటే ఒక మనిషి ఆశ చాలుతుందా? ఆ గాలిని పట్టుకుని నిలబెట్టిన చేతులు ఎవరివి? లెక్క రాసిందెవరో కోర్టు తేల్చింది. ఎవరి కోసం రాశారో, ఎవరికి ఆ లెక్క అవసరమైందో మాత్రం ఎవరూ తేల్చలేదు. మనకు కావలసింది ఆ రెండో ప్రశ్న.

కంపెనీ లెక్కల పుస్తకం వాటాదారుడి కోసం అని చట్టం చెబుతుంది. కంపెనీ బతుకు సరుకు అమ్మకం మీద మాత్రమే ఆధారపడ్డచోట అది కొంత నిజమే కావచ్చు. కానీ భూమి సర్కారు చేతిలో, అనుమతి సర్కారు చేతిలో, కాంట్రాక్టు సర్కారు చేతిలో, బ్యాంకు కూడా సర్కారుదే అయిన దేశంలో కంపెనీకి అసలు పాఠకుడు వాటాదారుడు కాదు. ఏలినవారు. 'ఎదుగుతున్న మార్కెట్లు' అని ముద్దుగా పేరు పెట్టిన దేశాలన్నిటిలో ఇదే వరస. చైనాలో పార్టీ మహాసభలు దగ్గరపడితే కంపెనీల చెడు వార్తలు బయటికి రావడం తగ్గుతుందని లెక్కల శాస్త్రం చదివిన పండితులు పరిశోధన చేసి మరీ చెప్పారు. మనకు పరిశోధన ఎందుకు, హైదరాబాద్ చూస్తే చాలు.

ముందు పన్ను సంగతి చూద్దాం. మామూలు వ్యాపారి లాభం తక్కువ చేసి చూపుతాడు, ఎక్కువ చేసి చూపడు. ఎందుకంటే చూపిన లాభం మీద పన్ను కట్టాలి. దొంగ లెక్కకు అదే పెద్ద కళ్లెం. కానీ సాఫ్ట్‌వేర్ ఎగుమతుల లాభానికి ఆదాయపు పన్ను చట్టంలో 10ఏ సెక్షన్ కింద మినహాయింపు ఉండేది. 2011 మార్చి దాకా నడిచిందది. ఎగుమతులు పెరగాలన్న మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉండవచ్చు. ఫలితం మాత్రం ఇది: లేని లాభం రాసుకున్నా దాని మీద పెద్దగా పన్ను పడదు. అబద్ధం ఇంత చౌకగా దొరికితే ఎవడు వదులుకుంటాడు? లేని వడ్డీ మీద సత్యం కట్టిన పన్ను వేరు. ఆ లేని ఆదాయం మీది పన్ను సంగతి తేల్చమని తర్వాత వచ్చిన యాజమాన్యం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. అదొక వింత.

ఇక భూమి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే సత్యం కథ కంప్యూటర్ల కథ కాదు, జాగల కథ.

పట్నం చుట్టుపక్కల ఒక ప్లాటు కొన్న ప్రతివాడికీ ఈ విద్య తెలుసు. అసలు ధర ఒకటి, రిజిస్ట్రేషన్ కాగితం మీద ధర ఇంకొకటి. సర్కారు నిర్ణయించిన విలువ కాగితం మీదికి ఎక్కుతుంది, మిగతాది సంచిలో చేతులు మారుతుంది. టీచరు నుంచి మంత్రి దాకా అందరూ చేసేదే కాబట్టి దీన్ని మనం అబద్ధపు లెక్క అని కూడా అనుకోం. రెండు వందల గజాలు కొన్నవాడికి ఇది ఒకనాటి ముచ్చట. వేల ఎకరాలు కొన్నవాడికి ఇదే వ్యాపారం. రాజుగారి కుటుంబం మూడు వందలకు పైగా కంపెనీలు పెట్టి వేల ఎకరాలు కొన్నదని దర్యాప్తులో తేలింది. ఇన్ని కంపెనీలు ఎందుకు? ఒక్క పేరు మీద అంత భూమి ఉంటే భూ పరిమితి చట్టం ఒప్పుకోదు. 1973 చట్టం ప్రకారం మెట్ట భూమి అయినా ఒక కుటుంబానికి 54 ఎకరాలు దాటకూడదు. పేద రైతు కోసమని తెచ్చిన చట్టం మూడు వందల కాగితపు కంపెనీల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. కంపెనీలను రిజిస్టర్ చేసే ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. ఎమ్మార్వో ఆఫీసులో రాలేదు, రిజిస్ట్రారు ఆఫీసులో రాలేదు.

భూమి ధర ఎందుకు పెరుగుతుంది? వాన పడితే పెరగదు, పంట పండితే పెరగదు. రింగు రోడ్డు ఎటు తిరుగుతుందో, విమానాశ్రయం ఎక్కడ దిగుతుందో, మెట్రో స్తంభం ఎక్కడ లేస్తుందో దాన్ని బట్టి పెరుగుతుంది. అవన్నీ నిర్ణయించేది సచివాలయం. కాబట్టి భూమి మీద పెట్టుబడి పెట్టినవాడి ఆస్తి విలువ మార్కెట్ లెక్కకట్టేది కాదు, జీవో లెక్కకట్టేది. అలాంటివాడికి ముఖ్యమంత్రి దగ్గర పలుకుబడి ఒక ఖర్చు కాదు, ఆస్తి. బాలెన్స్ షీటులో ఆ ఆస్తికి గడి లేదు. అందుకే దాన్ని వేరే పేర్లతో రాయాల్సి వచ్చింది.

సత్యం అనే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో తిరగేస్తే మేటాస్. ఆ పేరుతో రెండు కంపెనీలు, ఒకటి కట్టడాలది, ఒకటి భూములది. నడిపింది రాజుగారి కొడుకులు. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో మేటాస్ ఇన్‌ఫ్రా జలయజ్ఞంలో ఉంది, అవుటర్ రింగు రోడ్డులో ఉంది, మచిలీపట్నం రేవులో ఉంది. 2008లో హైదరాబాద్ మెట్రో రైలు కూడా దక్కింది.

ఆ మెట్రో టెండరును ఇవాళ మళ్లీ చదివితే కళ్లు తిరుగుతాయి. మెట్రో కట్టేవాళ్లు ఎక్కడైనా సర్కారును సాయం అడుగుతారు. మేటాస్ బృందం తనకు సాయం అక్కర్లేదంది. పైగా 35 ఏళ్లలో తానే సర్కారుకు 30,311 కోట్లు కడతానంది! ఆనాటి పాలకులు ఇది ప్రపంచంలోనే వింత అని చప్పట్లు కొట్టారు. ఢిల్లీ మెట్రోను కట్టిన శ్రీధరన్ మాత్రం 2008 సెప్టెంబర్‌లో ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ఖరీదైన ప్రభుత్వ భూమిని ఇలా అప్పజెప్పడం ఇంటి వెండి అమ్ముకోవడం లాంటిదేననీ, రైలు పేరుతో తమ సొంత భూముల దాకా దారి వేసుకుని వాటి ధర నాలుగైదు రెట్లు పెంచుకోవడమే లోపలి ఉద్దేశంగా కనిపిస్తోందనీ హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? లెక్కలు మళ్లీ చూస్తామన్నదా? లేదు. శ్రీధరన్ మీద పరువు నష్టం దావా వేస్తామన్నది. కంపెనీ పరువు కోసం ప్రభుత్వం దావా వేస్తానన్నదంటే ఆ కంపెనీ అంకెలు అప్పటికే ప్రభుత్వం అంకెలు కూడా అయిపోయాయన్న మాట.

2009 జులైలో ఆ ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండరు పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీకి దక్కింది. అదే పట్నం, అవే దారులు. ఈసారి కంపెనీ కడతానన్నది ఏమీ లేదు, సర్కారే 1,458 కోట్లు ఇవ్వాలన్నది. ఒకరు 30 వేల కోట్లు ఎదురు ఇస్తామన్నారు, ఇంకొకరు పద్నాలుగు వందల కోట్లు అడిగారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే రాజకీయం. ఎల్ అండ్ టీ కూడా నష్టాలని చేతులెత్తేసి, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా ఆ మెట్రోను తెలంగాణ ప్రభుత్వం చేతిలో పెట్టడానికి 2025 సెప్టెంబర్‌లో ఒప్పుకుంది. పట్నంలో రైలు నడవడం మీద వచ్చే లాభం ఎంతో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు 2008 డిసెంబర్ 16కు వద్దాం. సత్యం బోర్డు కూర్చుని మేటాస్ కంపెనీలు రెంటినీ 160 కోట్ల డాలర్లు పెట్టి కొనాలని తీర్మానించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకని అమెరికాలో వాటాదారులు గగ్గోలు పెడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ కొనుగోలు దేనికో రాజుగారే తర్వాత లేఖలో చెప్పారు. లేని ఆస్తులను నిజమైన ఆస్తులతో పూడ్చడానికి చివరి ప్రయత్నమట. ఎలాగంటే, సత్యం దగ్గర 5 వేల కోట్ల నగదు ఉందని పుస్తకం చెబుతోంది, గల్లాపెట్టె ఖాళీ. మేటాస్ దగ్గర భూములున్నాయి. సత్యం ఆ భూములు 'కొన్నట్టు' రాస్తే పుస్తకంలో నగదు తగ్గుతుంది, భూమి పెరుగుతుంది. రెండు వైపులా ఇల్లు ఒకటే కాబట్టి డబ్బు ఎప్పుడు చేతులు మారిందని అడిగేవాడు ఉండడు. గాలి కాస్తా నేల అయిపోతుంది. భూమి విలువ ఎంతో చెప్పేది తమ మనుషులే అయినప్పుడు ఎంత రంధ్రమైనా పూడుతుంది. అడ్డం పడింది నీతి కాదు, న్యాయం కాదు. 2008లో ప్రపంచమంతా భూమి ధర పడిపోవడం, న్యూయార్క్ వాటాదారులకు కోపం రావడం.

బోర్డులో ఎవరున్నారు? హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసి దిగిన అధికారి ఉన్నారు. పెంటియం చిప్పుతో పేరు తెచ్చుకున్న ఇంజనీరు ఉన్నారు. ఇంతమంది పెద్దల సంతకాలు కావలసింది లెక్క చూడటానికి కాదు, లెక్క ఎవరూ చూడకుండా ఉండటానికి. రిటైరైన కార్యదర్శి బోర్డులో ఉంటే పదవిలో ఉన్న అధికారి ప్రశ్న అడగడానికి జంకుతాడు. 2008 సెప్టెంబర్‌లో ఇదే కంపెనీకి మంచి పాలనకు గాను గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. సరిగ్గా ఆ నెలలోనే ప్రపంచ బ్యాంకు తన సిబ్బందికి అక్రమ లబ్ధి చేకూర్చిందని సత్యంను ఎనిమిదేళ్లు వెలివేసింది. ఆ వెలి సంగతి లోకానికి తెలిసింది డిసెంబర్‌లో. నెమలి ఈకలు మాత్రం వెంటనే పత్రికల మొదటి పేజీకెక్కాయి.

ఏలినవారికి ఆ లెక్కలు ఎందుకు అవసరమయ్యాయి? ఇందులో పార్టీ భేదం లేదు. 1999లో మెకిన్సీ చేత విజన్ 2020 రాయించిన చంద్రబాబు కాలంలో హైదరాబాద్ అంటే సైబరాబాద్ అని ప్రపంచానికి చూపించడానికి ఒక సొంత ఇంటి కంపెనీ కావాలి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజీలో గంట కొట్టిన తెలుగు కంపెనీ కావాలి. 2001లో సత్యం ఆ గంట కొట్టింది. మణికొండ, రాయదుర్గం, నానక్‌రాంగూడలో పేదల భూములు, వక్ఫ్ భూములు, సర్కారు భూములు ఎందుకు పోతున్నాయని అడిగితే చూపించడానికి ఆ కంపెనీ లాభాల గ్రాఫు కావాలి. 2004లో ప్రభుత్వం మారింది, గ్రాఫు మారలేదు. రాజశేఖరరెడ్డి కాలంలో 108 అంబులెన్సు ఊరూరా తిరిగింది. దాన్ని 2005లో మొదలుపెట్టింది రాజుగారి కుటుంబమే. ఖర్చులో పెద్ద వాటా సర్కారుది, పుణ్యం ఇద్దరిదీ. నిజం చెప్పాలంటే ఆ బండి వేలమంది ప్రాణాలు కాపాడింది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ప్రాణం కాపాడే దేవుడి కంపెనీ లెక్కలు చూపించమని ఏ ఎమ్మెల్యే అడుగుతాడు, ఏ పత్రిక రాస్తుంది?

హైదరాబాద్‌కు ఇది మొదటిసారి కూడా కాదు. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును మరిచిపోయామా? 1994లో కొత్త తరం బ్యాంకు అని మురిసిపోయాం. ఆడిటర్లు సంతకం పెట్టిన పుస్తకంలో బ్యాంకుకు సొంత నిధులు వందల కోట్లున్నాయి. రిజర్వ్ బ్యాంకు సొంతంగా తనిఖీ చేస్తే సున్నా కన్నా కిందికి పోయాయి. 2004 జులైలో మారటోరియం పెట్టి ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. ఆ బ్యాంకు ఆడిటర్లదీ, సత్యం ఆడిటర్లదీ ఒకటే పేరు: ప్రైస్ వాటర్‌హౌస్. అంతకు ముందే కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ అర్బన్ బ్యాంకుల గేట్ల ముందు పాస్ పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ ముసలివాళ్లను ఈ పట్నం చూసింది. ఒక్కటి జరిగినప్పుడు ప్రమాదం అనవచ్చు. వరసగా జరిగితే?

అబద్ధం ఎట్లా రాశారో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అది మహా మేధావుల పని ఏమీ కాదు. కంపెనీ బిల్లులు తయారుచేసే కంప్యూటర్ వ్యవస్థలో 7,561 దొంగ బిల్లులు దొరికాయని సీబీఐ చెప్పింది. ఆ బిల్లులు పని చేసిన విభాగం వాళ్లకు తెర మీద కనపడకుండా, ఖాతాల్లో మాత్రం లెక్కకు వచ్చేలా దాచారు. బ్యాంకు డిపాజిట్ రసీదులు సొంతంగా అచ్చువేసుకున్నారు. ఇవన్నీ పట్టుకోవడానికి ఆడిటర్ చేయాల్సింది ఒక్కటే. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి, మా దగ్గర ఇంత ఉంది అని బ్యాంకు చేత చెప్పించుకోవడం. ఆడిట్ నేర్చుకునే పిల్లవాడికి మొదటి ఏడాది చెప్పే పాఠమిది. కంపెనీ తెచ్చిచ్చిన కాగితాలనే నమ్మి వదిలేశారు. ఊళ్లో మహిళా సంఘం లెక్క చూసే సీసీ కూడా బ్యాంకుకు పోయి పాస్ పుస్తకం మీద ఎంట్రీ వేయించుకుంటుంది.

లేఖ బయటపడ్డ తర్వాత జరిగిన తతంగం ఇంకా చెప్పుకోదగ్గది. జనవరి 9 రాత్రి రాష్ట్ర పోలీసులు రాజుగారిని అరెస్టు చేసి చంచల్‌గూడ జైలుకు పంపారు. ఎంత చురుకు! ఆయన్ను ప్రశ్నించడానికి వచ్చిన సెబీ అధికారులకు మాత్రం దారి దొరకలేదు. ఇక్కడి కోర్టు కాదంటే సుప్రీంకోర్టు దాకా పోయి, ఫిబ్రవరి 3న అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. జైలు కొన్నిసార్లు శిక్షించే చోటు, కొన్నిసార్లు దాచిపెట్టే చోటు అని ఆనాడు ప్రతిపక్షాలు అన్నాయి. దాన్ని రుజువు చేయలేం. కానీ అసెంబ్లీ ఎన్నికలు ఏప్రిల్‌లో ఉన్నాయి, కేసు సీబీఐ చేతికి పోయింది ఫిబ్రవరి మధ్యలో. ఈ నెల రోజుల్లో ఏ కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికి ఎరుక?

ఢిల్లీ మాత్రం ఒక పని వేగంగా చేసింది. బోర్డును రద్దు చేసి కొత్తవాళ్లను పెట్టింది, ఏప్రిల్‌లో వేలం వేసి టెక్ మహీంద్రాకు ఇచ్చింది. ఉద్యోగాలు చాలావరకు నిలబడ్డాయి. ఇది మెచ్చుకోవలసిందే. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుగారితో సహా పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది, అందులో ఇద్దరు ఆడిటర్లు కూడా ఉన్నారు. నెల తిరిగేసరికి పై కోర్టు శిక్షను ఆపి బెయిల్ ఇచ్చింది. 2018లో సెబీ ప్రైస్ వాటర్‌హౌస్‌ను రెండేళ్లు లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేయవద్దంది. 2019లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆడిట్ బాగాలేదని శిక్షించే అధికారం సెబీకి లేదట.

పోగొట్టుకున్నవాళ్ల సంగతి? జనవరి 6న 179 రూపాయలున్న షేరు 7న 40 రూపాయల కిందికి దిగింది. అమెరికాలో ఆ షేర్లు కొన్నవాళ్లు అక్కడి కోర్టులో అందరూ కలిసి దావా వేశారు. 2011లో కంపెనీ నుంచి 12 కోట్ల 50 లక్షల డాలర్లు, ఆడిటర్ల నుంచి 2 కోట్ల 55 లక్షల డాలర్లు రాజీ కింద వచ్చాయి. హన్మకొండలోనో నల్లగొండలోనో పిఎఫ్ డబ్బు తీసి పది షేర్లు కొన్న రిటైర్డ్ గుమస్తాకు? సున్నా. అందరూ కలిసి దావా వేసే ఏర్పాటు మన కంపెనీల చట్టంలో అప్పటికి లేదు. 2013 చట్టంలో వచ్చింది. అబద్ధం ఒకటే, కంపెనీ ఒకటే, కాగితం ఒకటే. న్యూయార్క్‌లో కొన్నవాడు వాటాదారుడు, నల్లగొండలో కొన్నవాడు అదృష్టహీనుడు.

మేటాస్ ఇన్‌ఫ్రా ఏమైందో చాలామందికి తెలియదు. మెట్రో టెండరులో దానితో కలిసి ఉన్న ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఆర్థిక సంస్థ దాన్ని తీసుకుంది, పేరు కూడా మార్చింది. ఎల్ఐసీ, స్టేట్ బ్యాంకు వాటాలున్న సంస్థ అది, ఇంకా ఏం భయం అనుకున్నారు. 2018లో ఆ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్సే కుప్పకూలింది. అప్పు 90 వేల కోట్ల పైమాటే. దాని కాగితాలకు అంతకు కొద్ది రోజుల ముందు దాకా రేటింగు సంస్థలు అత్యుత్తమం అని ముద్ర వేస్తూ వచ్చాయి. కేంద్రం మళ్లీ బోర్డును రద్దు చేసింది, సత్యంకు చేసినట్టే.

ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరికి ఈపాటికి ఒక జవాబు సిద్ధంగా ఉండి ఉంటుంది. రాజుగారు ఏ జిల్లా నుంచి వచ్చారో, భూములు ఎవరివి పోయాయో మనకు తెలియదా అని. తెలుసు. మా భూముల మీద వాళ్ల లెక్కలు అని ఎన్ని సభల్లో అనుకున్నాం! ఆ మాట తప్పు కాదు. కానీ 2014 తర్వాత సచివాలయంలో కూర్చున్నవాళ్లు మనవాళ్లే కదా. కంపెనీకీ సర్కారుకూ మధ్య లెక్క ఏమైనా తేటపడ్డదా?

కాళేశ్వరం కార్పొరేషన్ సంగతి చూడండి. కంపెనీల చట్టం కింద పెట్టిన కంపెనీ అది. దాని పేరు మీద వేల కోట్ల అప్పులు తెచ్చారు. సొంత ఆదాయం లేని కంపెనీకి అప్పు ఎవరిస్తారు? సర్కారు హామీ చూసి ఇస్తారు, తీర్చేది సర్కారు ఖజానా. మరి ఆ అప్పు రాష్ట్రం అప్పుగా బడ్జెట్‌లో ఎందుకు కనపడదు? కనపడకుండా ఉండటానికే కదా కంపెనీ పెట్టింది! 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఈ సంగతినే పట్టుకుంది. పక్క రాష్ట్రం తక్కువ తినలేదు. 2020లో అభివృద్ధి కార్పొరేషన్ ఒకటి పెట్టి, మద్యం మీద రాబోయే ఆదాయం చూపించి అప్పు తెచ్చింది. రాజుగారు కంపెనీ అప్పు 1,230 కోట్లు పుస్తకంలో రాయకపోతే నేరమైంది. సర్కారు తన అప్పును ఇంకో పుస్తకంలో రాస్తే దానికి ఆర్థిక క్రమశిక్షణ అని పేరు.

ఇంకొకటుంది. కంపెనీ ఏ పార్టీకి ఎంత చందా ఇచ్చిందో లాభనష్టాల ఖాతాలో పార్టీ పేరుతో సహా రాయాలని 2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్ చెప్పింది. మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటకూడదని కూడా చెప్పింది. 2017లో బడ్జెట్ బిల్లులో కలిపి ఈ రెండింటినీ ఎత్తేశారు, ఎన్నికల బాండ్లు తెచ్చారు. అంటే లాభమే లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వవచ్చు, ఎవరికిచ్చిందో చెప్పనక్కర్లేదు. రామలింగరాజు దొంగచాటుగా రాత్రిపూట చేసిన పనిని పార్లమెంటు పట్టపగలు చట్టం చేసింది. లెక్కలో ఒక గడిని చెరిపెయ్యడం! 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ తర్వాత బయటికి వచ్చిన జాబితాలో దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు హైదరాబాద్ కంపెనీ మేఘా, 966 కోట్లు. కాళేశ్వరంలో పెద్ద పనులు చేసిన కంపెనీ. అందులో పెద్ద వాటా బీజేపీకి, తర్వాతి వాటా బీఆర్ఎస్‌కు పోయింది. బాండ్లు కొనడం అప్పుడు నేరం కాదు, తీసుకోవడమూ నేరం కాదు. ఉద్యమం చేసి గెలిచిన పార్టీకి 2019 నుంచి ఐదేళ్లలో అన్ని కంపెనీల నుంచీ కలిపి వచ్చినవి 1,200 కోట్లకు పైగా. ఎవరెవరు ఎందుకిచ్చారో అని సుప్రీంకోర్టు గెంటితే గాని మనకు చెప్పలేదు.

కొట్టేశారు కాబట్టి 182వ సెక్షన్ పాత రూపంలో తిరిగి వచ్చింది, పార్టీ పేరు రాయాల్సిందే. దానికీ అప్పుడే సందు వెతికారు. చందా ఎన్నికల ట్రస్టుకు ఇస్తే కంపెనీ పుస్తకంలో ట్రస్టు పేరు రాస్తే చాలు. ట్రస్టు ఎవరికి ఇచ్చిందో ఎన్నికల సంఘానికి చెబుతుంది. కానీ వంద కంపెనీల డబ్బు ఒకే కుండలో పోసి పంచితే ఏ కంపెనీ నీళ్లు ఏ పార్టీ గొంతు తడిపాయో ఎవడు చెప్పగలడు? పట్నంలో పెద్ద కాంట్రాక్టులు పట్టిన కంపెనీల వార్షిక నివేదికల్లో, చివరి పేజీల నోట్సులో, 'ఇతర ఖర్చులు' అన్న పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది ఆ లైను. వాటా ఒక్కటి ఉన్నవాడికైనా సాధారణ సమావేశంలో లేచి అడిగే హక్కు ఉంది.